బోర్డు పోయిందని ఎవరు తేల్చారు?

చిక్కడపల్లి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. వయసు 46. ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని పదకొండేళ్లుగా డీటీపీ పని చేస్తున్నారు. శుభలేఖలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు, సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునేవాళ్ల కవిత్వం. ఆ కంప్యూటర్ 2015లో మరిది సికింద్రాబాద్‌లో కంప్యూటర్ భాగాలమ్మే సీటీసీ బజారులో తానే దగ్గరుండి ఒక్కో భాగం కొని బిగించి ఇచ్చింది. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7. మూడేళ్ల కిందట వీధి చివరి షాపులో ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించారు. డబ్బులైతే తీసుకున్నాడు గానీ, కంప్యూటర్ మాత్రం 8 జీబీ అని చూపిస్తూనే పక్కన బ్రాకెట్లో 3.41 జీబీయే పనికొస్తుందని చెబుతోంది. మోసపోయానన్న బాధ ఆమెకు ఇంకా పోలేదు.

నెల రోజులుగా స్విచ్ రెండు మూడు సార్లు నొక్కితే గానీ కంప్యూటర్ ఆన్ అయ్యేది కాదు. తేదీ దానంతట అదే వెనక్కి పోయేది. ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే ఉన్నట్టుండి ఆగి మళ్లీ మొదలయ్యేది. రెండు వారాల కిందట కరెంటు పోయి వచ్చాక పూర్తిగా పడిపోయింది. ఇప్పుడు స్విచ్ నొక్కితే ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగిపోతోంది. యూపీఎస్ ఉంది గానీ రెండేళ్లుగా అది పేరుకే. వానాకాలంలో సీపీయూ డబ్బా ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడుతుందని ఉత్తరం చివర కొసరుగా ఒక వాక్యం.

ఇక సలహాలు. వీధి చివరి షాపతను పది నిమిషాలు చూసి, "బోర్డు పోయింది మేడమ్, ఈ మోడల్ ఇప్పుడు దొరకదు, మొత్తం మార్చాలి, 38 వేలు" అన్నాడట. ఇంజనీరింగ్ మూడో ఏడాది చదివే కొడుకు, ఎలాగూ మారుస్తున్నాం కదా గ్రాఫిక్స్ కార్డు కూడా వేద్దామని 90 వేల లిస్టు రాసిచ్చాడు. భర్త, ఈ డబ్బా గోలంతా ఎందుకు, ఈఎంఐలో ల్యాప్‌టాప్ తీసుకో అంటున్నారు. మరిది మాత్రం ఫోన్లో "వదినా, ఎవ్వరికీ ఇవ్వకు, సెకండ్‌హ్యాండ్ బోర్డు మూడు వేలకు నేను పట్టుకొస్తా" అన్నాడు. ఆయన ఇప్పుడు మియాపూర్‌లో ఉంటున్నాడు, రెండు వారాలైనా రాలేదు. ఆయన్ని కాదని బయట చేయిస్తే నొచ్చుకుంటాడు. చేతిలో చీటీ పాడిన డబ్బు 45 వేలుంది. మూడు శుభలేఖల పని నెత్తిమీద ఉంది. 220 పేజీల ఒక పెద్దాయన ఆత్మకథ ఆ హార్డ్‌డిస్క్‌లో చిక్కుకుంది, ఇంకో కాపీ ఎక్కడా లేదు. "ఏ పార్టు కొనాలో చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

సమాధానం:

మీ ఉత్తరంలో నలుగురు నాలుగు సలహాలు చెప్పారు. ఏ భాగం పోయిందో పరీక్షించి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. షాపతనిది అనుభవం మీద వేసిన అంచనా. అది నిజమే కావచ్చు కూడా. కానీ అంచనా మీద 38 వేలు పెట్టనక్కర్లేదు. మీరు ఏ పార్టు కొనాలని అడిగారు, నేను ఏ వరసలో కొనాలో చెబుతాను. దానికంటే ముందు అసలు కొనడంతో సంబంధం లేని పని ఒకటుంది.

ఆ స్విచ్ ఇక నొక్కకండి. ఈసారైనా వస్తుందేమోనని రోజుకు పదిసార్లు నొక్కుతూ ఉంటారని నాకు తెలుసు, అందరం అదే చేస్తాం. కరెంటు సరిగ్గా ఇవ్వలేని యంత్రాన్ని అలా పదేపదే లేపితే, బాగున్న హార్డ్‌డిస్క్‌కు కూడా ముప్పే. ప్లగ్గు తీసి, పక్క మూత తెరిచి, లోపల వైర్లు ఎలా ఉన్నాయో ఫోన్లో నాలుగు ఫోటోలు తీసి, హార్డ్‌డిస్క్ విప్పి బయటపెట్టించండి. నాలుగు మరలు, రెండు కేబుళ్లు, అంతే. మీ అబ్బాయి చేయగలడు. దాన్ని వేరే కంప్యూటర్‌కు తగిలించడానికి "సాటా టు యూఎస్‌బీ" కేబుల్ దొరుకుతుంది. అయితే పక్కన విడిగా కరెంటు అడాప్టర్ ఉన్నదే అడగండి. డెస్క్‌టాప్‌లో వాడే పెద్ద డిస్కుకు 12 వోల్టులు కావాలి, ఉత్త యూఎస్‌బీ నుంచి అది రాదు. ఇది తెలియక డిస్కు కూడా పోయిందని ఏడ్చినవాళ్లున్నారు. డిస్కు కనబడగానే ఆత్మకథ, శుభలేఖల ఫైళ్లు, ఫాంట్లు అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఒక బయటి డిస్కులోకి, రెండు చోట్లకు కాపీ చెయ్యండి. ఆ హార్డ్‌డిస్క్‌ను ఏ షాపులోనూ వదిలి రాకండి.

ఈ వారం పని సంగతి. మీరు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు వాడుతున్నానని, వాటికి యూఎస్‌బీ లాక్, అంటే కంప్యూటర్‌కు గుచ్చితేనే అవి పనిచేసే చిన్న తాళం, ఉందని రాశారు. ఆ లాక్ మీ చేతిలో ఉంటే సగం షాపు మీ చేతిలో ఉన్నట్టే. చిక్కడపల్లి, విద్యానగర్ వైపు డీటీపీ చేసేవాళ్లకు కొదవ లేదు, మీకు తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. రోజుకింత అని మాట్లాడుకుని ఒక కంప్యూటర్ ముందు కూర్చుని మూడు శుభలేఖలూ ముగించండి. ముహూర్తం తోసుకొస్తుంటే మదర్‌బోర్డు ఎంచుకోకూడదు. అప్పుడు షాపులో ఏది ఉంటే అదే మంచిదనిపిస్తుంది.

ఇప్పుడు రోగం సంగతి. రెండు మూడు సార్లు నొక్కితే గానీ ఆన్ కాకపోవడం, బరువు పని పెట్టగానే రీస్టార్ట్ కావడం, చివరికి ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగడం. ఈ మూడింటినీ వరసగా చదివితే నాకు మొదట అనుమానం వచ్చేది ఎస్‌ఎంపీఎస్ మీద. అంటే గోడలోంచి వచ్చే 230 వోల్టులను లోపలి భాగాలకు కావలసిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చే పెట్టె. మీది క్యాబినెట్‌తో పాటు వచ్చింది. అలా క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే చవక రకాల మీద 450 వాట్లని స్టిక్కర్ ఉన్నా, బరువు పడితే అంత ఇవ్వలేవు. పదకొండేళ్లు పని చేసిందంటే దాని రుణం తీర్చేసుకున్నట్టే. తేదీ వెనక్కి పోవడం వేరే సంగతి. అది బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందని గుర్తు. గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. దానికి ఎవరైనా వందలు అడిగితే నవ్వి వచ్చెయ్యండి.

ఇవే లక్షణాలు బోర్డు పోయినా రావచ్చు, బోర్డు మీద ఎక్కడైనా షార్ట్ అయినా రావచ్చు. తేల్చుకునే పద్ధతి ఒక్కటే. బాగున్నదని తెలిసిన ఇంకో ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడటం. హార్డ్‌డిస్క్, డీవీడీ, యూఎస్‌బీలు అన్నీ తీసేసి, ర్యామ్ ఒక్క కడ్డీ మాత్రమే ఉంచి, ఆ కడ్డీ ఇత్తడి రంగు అంచును పిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టి ఆన్ చెయ్యాలి. రాకపోతే రెండో కడ్డీ, రెండో స్లాటు. అలాగే ప్రాసెసర్ చుట్టూ చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయా, ఉబ్బాయా చూడాలి. ఉబ్బితే షాపతను చెప్పింది నిజం. ఇదంతా కలిపి అరగంట పని. అరగంటకు మూడు నాలుగు వందలు తీసుకునే మెకానిక్ ఎవరైనా చేస్తారు. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎవరూ విప్పొద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలవ ఉంటుంది. మీ అబ్బాయికి ఈ వాక్యం రెండుసార్లు చదివి వినిపించండి.

అన్నట్టు ఒక చిన్న పదం సంగతి. మనం డబ్బా మొత్తాన్ని "సీపీయూ" అంటాం. షాపువాళ్ల లెక్కలో సీపీయూ అంటే ప్రాసెసర్ ఒక్కటే. "సీపీయూ పోయింది, కొత్తది ఎంత?" అని ఫోన్లో అడిగితే ఇద్దరూ రెండు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుకుంటారు. మీరు రాసిన 38 వేల సంభాషణలో అలాంటిదేమైనా జరిగిందేమోనని నాకు చిన్న అనుమానం.

ఇక మూడేళ్ల నాటి ర్యామ్ కథ. ఆ షాపతను మిమ్మల్ని మోసం చేయలేదు. మీ విండోస్ 7 32-బిట్ రకం. ఆ రకం మొత్తం 4 జీబీకి మించి వాడుకోలేదు, అందులోనూ కొంత ఇతర భాగాలకు పోతుంది. మిగిలేది మూడు, మూడున్నర. మీరు చూసిన 3.41 అదే. 8 జీబీ నిజంగానే ఉంది, మీ విండోస్‌కు దాన్ని వాడుకోవడం చేతకాలేదు. అమ్మేముందు ఆ ముక్క చెప్పకపోవడం అతని తప్పే, కాదనను. కానీ మూడేళ్లుగా మీరు అతన్ని దొంగ అనుకుంటున్నారు, ఇప్పుడు అతను చెప్పేదేదీ నమ్మలేకపోతున్నారు. ఆ లెక్క సరిచేసుకుంటే అతనితో మాట్లాడటం తేలికవుతుంది.

ఆ 3.41 దగ్గరే అసలు చిక్కుముడి కూడా ఉంది. మీ పనికి పేజ్‌మేకర్ కావాలి. అది 2001లో వచ్చిన 7.0 దగ్గర ఆగిపోయిన సాఫ్ట్‌వేర్. దానికి తోడు మీ లాక్, ఆ లాక్ డ్రైవర్ (దాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రామ్), మీ పాత లేజర్ ప్రింటర్ డ్రైవర్. ఇవన్నీ 32-బిట్ విండోస్ 7 మీద సర్దుకుపోయి ఉన్నాయి. కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్ వేస్తే విండోస్ 7 దాని మీద నడవదు. విండోస్ 11 వెయ్యాలి, అది 64-బిట్‌గా మాత్రమే వస్తుంది. 64-బిట్ విండోస్ సరైన డిజిటల్ సంతకం లేని పాత డ్రైవర్లను లోపలికి రానివ్వదు. అంటే మీరు కొనేది పైకి మదర్‌బోర్డులా కనిపించినా, నిజానికి మీ పని పద్ధతి మొత్తం మారుతుంది. షాపతనికి ఇది తెలియదు, ఎందుకంటే మీరు ఏం పని చేస్తారో అతను అడిగి ఉండడు. కాబట్టి ఏ పార్టూ కొనకముందే మీ ఫాంట్లు, లాక్ అమ్మినవాళ్లకు ఒక ఫోన్ చేసి, మీ దగ్గరున్న వెర్షన్ చెప్పి, "64-బిట్ విండోస్ 11లో నడుస్తుందా, లాక్ మార్చాలా, ఎంతవుతుంది?" అని అడగండి. ఆ జవాబును బట్టి కింద చెప్పే దారుల్లో ఒకటి రెండు వాటంతటవే మూసుకుపోతాయి.

మొదటి దారి, ఎస్‌ఎంపీఎస్ మార్చగానే యంత్రం లేచి కూర్చోవడం. అలా జరిగితే పేరున్న కంపెనీది 450 నుంచి 550 వాట్ల మధ్య, డబ్బా మీద 80 ప్లస్ గుర్తు ఉన్నది కొనండి. క్యాబినెట్‌తో వచ్చేలాంటిది మళ్లీ కొనకండి. దీని మీద పెట్టిన డబ్బు వృథా కాదు. రేపు బోర్డు కూడా పోయి కొత్తది వేసినా ఇదే ఎస్‌ఎంపీఎస్ దానికి పనికొస్తుంది. దాని వెంటే 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లోనే ఫైళ్లు దాచుకునే డిస్కు. మీ హార్డ్‌డిస్క్ సెకనుకు వంద, నూట యాభై ఎంబీల దగ్గర కొట్టుమిట్టాడుతుంటే, సాటా ఎస్‌ఎస్‌డీ 500 పైన చదువుతుంది. పదకొండేళ్ల కంప్యూటర్‌కు ఇంతకంటే పెద్ద మేలు ఇంకే భాగమూ చేయదు. సన్నగా, చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఎం.2 రకం ఎస్‌ఎస్‌డీ చూపించి ఇది ఇంకా వేగమంటారు. నిజమే, కానీ హెచ్81 బోర్డుల్లో మామూలుగా దానికి చోటుండదు. రెండున్నర అంగుళాల సాటాదే అడగండి. అది కూడా రేపటి కొత్త బోర్డుకు పనికొస్తుంది. నా లెక్కలో మీరు ముందు కొనాల్సినవి ఇలాంటివే, ఎటు తిరిగినా వృథా కానివి.

దీని ఇబ్బంది కూడా చెప్పాలి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. మీ ప్రాసెసర్ నాలుగో తరం. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. కాబట్టి పాత యంత్రాన్ని బతికించుకుంటే దాన్ని అక్షరాల పనికే ఉంచండి. బ్యాంకు, మెయిల్, వాట్సాప్‌లో వచ్చే ఫోటోలు దించుకోవడం, ఇవన్నీ ఫోన్లో చేసి పెన్‌డ్రైవ్‌తో ఇటు తెచ్చుకోండి. మొదట్లో చిరాకే. కానీ మూడు శుభలేఖల మధ్యలో వైరస్ దూరడం అంతకంటే చిరాకు.

రెండో దారి మీ మరిదిది. బోర్డే పోయిందని తేలితే సెకండ్‌హ్యాండ్ హెచ్81 బోర్డు. షాపతను దొరకదన్నది పూర్తిగా నిజం కాదు. కంపెనీ కొత్తవి చేయడం మానేసింది గానీ, వాడినవి దొరుకుతాయి. పాత చిప్‌సెట్‌తో చిన్న బ్రాండ్లవాళ్లు కొత్తగా చేసి అమ్మే బోర్డులూ దొరుకుతాయి. మీ ప్రాసెసర్, రెండు ర్యామ్ కడ్డీలు, పేజ్‌మేకర్, లాక్, ప్రింటర్ అన్నీ ఉన్నవి ఉన్నట్టే నడిచే దారి ఇదొక్కటే. అందుకే మరిది సలహాను నేను చవక సలహా అని కొట్టెయ్యను. పిచ్చి సలహా ఏమీ కాదు. అయితే కొనేటప్పుడు ప్రాసెసర్ కూర్చునే సాకెట్ నంబర్ 1150 అని అక్షరాలా చూసుకోవాలి. 1155, 1151 చూడటానికి కవలపిల్లల్లా ఉంటాయి, మీ ప్రాసెసర్ వాటిలో కూర్చోదు. సాకెట్‌లో సన్నని పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, ఫోన్ టార్చ్ వేసి చూస్తే వంగినవి తెలుస్తాయి. మీ ప్రాసెసర్, మీ ర్యామ్ అక్కడే పెట్టి తెర మీద బొమ్మ వచ్చాకే డబ్బు ఇవ్వండి. నెల రోజుల గ్యారంటీ కాగితం మీద రాయించుకోండి. ఆ బోర్డు కూడా మీ బోర్డు వయసుదే. ఏడాది వస్తే సంతోషం, రెండేళ్లు వస్తే అదృష్టం.

మూడోది కొత్త కాపురం. ఇందులో అందరూ తడబడే సంగతి ఒకటుంది. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ ఈ మూడూ ఒక కట్టు. కొత్త తరం బోర్డు వేస్తే మిగతా రెండూ మారతాయి. మీ డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డులో కూర్చోదు, దాని గాడి వేరే చోట ఉంటుంది, బలవంతంగా తొయ్యొద్దు. మిగతావి, అంటే క్యాబినెట్, మంచి ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ, కీబోర్డు, మానిటర్ అట్టే పెట్టుకోవచ్చు. మీ పనికి 12వ తరం ఐ3, అంటే ఐ3-12100, హెచ్610 చిప్‌సెట్ బోర్డు, 16 జీబీ ర్యామ్ ధారాళంగా సరిపోతాయి. ఏఎమ్‌డీలో అయితే రైజెన్ 5 5600జీ. 220 పేజీల పుస్తకానికీ పది అడుగుల ఫ్లెక్సీకీ ఇంతకు మించి అక్కర్లేదు.

నంబరు చివరి అక్షరం మాత్రం కళ్లల్లో వత్తులేసుకుని చూడండి. ఐ3-12100ఎఫ్ అని ఉంటే కొంచెం చవక, కానీ దానిలో బొమ్మ చూపించే భాగం ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే తెర నల్లగానే ఉంటుంది. ఏఎమ్‌డీలో 5600జీకి ఆ భాగం ఉంది, జీ లేని 5600కు లేదు. ఒకసారి నేనే ఆ ఎఫ్ ఉన్నది చవకగా వచ్చిందని మురిసిపోయి కొన్నాను. రాత్రి పదకొండు దాకా మానిటర్ కేబుళ్లు మార్చి మార్చి చూసి, ఆ తర్వాత డబ్బా మీద అక్షరం చదివాను. చదవడానికి ఒక్క సెకను పట్టింది.

హెచ్610 బోర్డులు రెండు రకాలు, డీడీఆర్4 తీసుకునేవి, డీడీఆర్5 తీసుకునేవి. పేర్లు దాదాపు ఒకటే. ఏ బోర్డు కొంటే ఆ ర్యామే కొనాలి. ర్యామ్ ధరలు 2025 చివర్నుంచి బాగా ఎగబాకాయి. ఏఐ సర్వర్లకు మెమరీ చిప్పులు తరలిపోతున్నాయి, మన వంతుకు వచ్చేసరికి ధర మండిపోతోంది. 38 వేల కొటేషన్‌లో ర్యామ్‌కు ఎంత పోతోందో విడిగా అడిగి చూడండి. డబ్బు సరిపోకపోతే ఇప్పుడు 8 జీబీ ఒక్క కడ్డీ వేసుకుని, రెండో స్లాటు ఖాళీగా ఉంచి, ధర దిగాక అలాంటిదే ఇంకొకటి వేసుకోవచ్చు. మానిటర్ వెనక నీలం రంగు వీజీఏ సాకెట్ మాత్రమే ఉంటే, కొనే బోర్డులో అది ఉందో లేదో కూడా అడగండి. ఇంకోటి, విండోస్ 11 లైసెన్స్. "ఫ్రీగా వేసిస్తాం మేడమ్" అంటారు. అది దొంగ కాపీ. మీది వ్యాపారం, అసలుదే కొనండి, దాని ధర కూడా 45 వేలలోనే లెక్క వేసుకోండి. ఫాంట్ల కొత్త లాక్ అవసరమైతే అదీ.

నాలుగోది మీవారి ల్యాప్‌టాప్. ఆయన తప్పు చెప్పలేదు, మీ పని చూసి చెప్పలేదు, అంతే. 15 అంగుళాల తెర మీద శుభలేఖ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి ఒత్తులు సరిచూడటం ఎంత కష్టమో రెండు రోజులు చేస్తే ఆయనకే తెలుస్తుంది. మళ్లీ మానిటర్, కీబోర్డు తగిలించుకోవాల్సిందే. పేజ్‌మేకర్ సమస్య అక్కడా అలాగే ఉంటుంది. ఈఎంఐ రెండేళ్లు కదలదు, మీ పని మాత్రం ముహూర్తాలున్న నెలల్లోనే ఉంటుంది. మీరు బయటికి వెళ్లి కస్టమర్ ముందు డిజైన్ చూపించాల్సిన పని ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు. దీనికి దగ్గరగా ఇంకో దారి ఉంది. పెద్ద ఆఫీసులు వాడి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు. ఈ ఊళ్లో వాటికి కొరత లేదు. ఎనిమిదో తరం, ఆపైది అయితే విండోస్ 11 సక్రమంగా నడుస్తుంది, ధర కూడా తక్కువే. కానీ వాటిలో చాలావాటికి బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత కొలతలవి. రేపు పోతే బజార్లో మామూలు భాగం తెచ్చి బిగించలేరు.

నన్ను అడిగితే? పరీక్షలో ఎస్‌ఎంపీఎస్సే అని తేలితే మొదటి దారి పట్టి, మిగిలిన చీటీ డబ్బు అలాగే దాచి, ఈ సీజన్ అయ్యాక నెమ్మదిగా విండోస్ 11, యూనికోడ్ (ఫోన్లలో, ఇంటర్నెట్‌లో తెలుగుకు వాడే అక్షర పద్ధతి) వైపు జరుగుతాను. ఇవాళ కాకపోతే రేపు అటు పోక తప్పదు. మీ దగ్గర టైపు చేయించుకున్న కవిగారు అదే కవిత ఫేస్‌బుక్‌లో పెట్టాలంటే అను అక్షరాలు అక్కడ పిచ్చిగీతల్లా కనిపిస్తాయి కదా. బోర్డు పోయిందని తేలితే మాత్రం నేను తడబడతాను. ఫాంట్లవాళ్లు విండోస్ 11లో నడుస్తుందంటే మూడో దారి, నడవదంటే ఈ ఏటికి మరిది దారి. రెండింటికీ సమర్థన ఉంది. మీ చేతిలో ఉన్న ఆర్డర్లు ఎన్నో, కొత్తది నేర్చుకోవడానికి ఎంత ఓపికుందో మీకే తెలుసు.

ఇప్పుడు మీరు కొసరుగా రాసిన ఆ చిమచిమ. నాకు అదే అసలు ఉత్తరంలా అనిపించింది. డబ్బా ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడుతుందంటే ఆ ప్లగ్గుకు ఎర్తింగ్ లేదని, ఉన్నా పని చేయడం లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడో పిన్ను, ఎర్త్ రెండూ చూపించండి. పాత ఇళ్లల్లో ప్లగ్గుకు మూడు రంధ్రాలుంటాయి, మూడోదాని వెనక వైరే ఉండదు. ఇది బాగుచేయకుండా ఏ దారిలో ఏ భాగం కొన్నా అదే గోడకు తగిలిస్తున్నారు. పైగా అక్కడ కూర్చునేది మీరు. యూపీఎస్ పారెయ్యొద్దు, లోపలి బ్యాటరీ రెండు మూడేళ్లకే పోతుంది, చిన్న యూపీఎస్‌ల్లో చాలావాటికి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మార్చితే చాలు. దాని మీదున్న నంబరు ఫోటో తీసి తీసుకెళ్లండి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకండి, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకు యూపీఎస్ చతికిలబడుతుంది.

ఇంట్లోవాళ్ల సంగతి. మరిదికి ఫోన్ చేసి, "నువ్వు కట్టిచ్చిన కంప్యూటర్ పదకొండేళ్లు అన్నం పెట్టింది. ఈ శనివారం వచ్చి వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడు. నీకు కుదరకపోతే సోమవారం ఇక్కడే చూపిస్తాను, ఏం తేలిందో నీకు ఫోన్లో చెబుతాను, బోర్డు సంగతి అప్పుడు నువ్వే చూద్దువుగాని" అనండి. రోజు పేరు పెట్టి చెప్పడం ముఖ్యం. "వీలు చూసుకుని రా" అంటే ఇంకో రెండు వారాలు. పరీక్ష బయట చేయించినంత మాత్రాన ఆయన్ని పక్కన పెట్టినట్టు కాదు, కొనే ముందు ఆయన్ని అడుగుతున్నారు కదా. నిజంగా సీటీసీలో బేరం చేయగల మనిషి ఇంట్లో ఉండటం చిన్న సంగతి కాదు.

అబ్బాయి రాసిన 90 వేల లిస్టులో గ్రాఫిక్స్ కార్డు మీ పేజీల కోసం కాదు, ఆటల కోసం. అడగడం తప్పు కాదు, వాడి వయసులో నేనూ అడిగేవాణ్ని. కానీ అది వాడి కంప్యూటర్, వేరే ఖర్చు, వేరే చర్చ. మీ పని యంత్రంలో దాన్ని కలిపితే రాత్రి పదింటికి మీరు ప్రూఫ్ దిద్దాలన్నప్పుడు కుర్చీ ఖాళీ ఉండదు. వాడికి పని అప్పజెప్పండి. డిస్కు విప్పడం, ఫైళ్లు రెండు చోట్లకు ఎక్కించడం, మూడు షాపుల్లో ధర రాసుకుని రావడం. మీవారికి మాత్రం ఒక్క మాట చాలు. ఇది చీటీ డబ్బు, ఈఎంఐ కాదు.

మీరే సీటీసీకి వెళ్లాలనుకుంటే చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్ దగ్గర లైను మారండి, తర్వాతి స్టేషనే ప్యారడైజ్. మొదటిసారి డబ్బా మోసుకెళ్లకండి. బోర్డు ఫోటో, ప్రాసెసర్ నంబరు, మానిటర్ వెనక సాకెట్ ఫోటో ఫోన్లో ఉంటే చాలు. ఒకే కాగితం మీద ఒక్కో భాగానికి ఒక్కో ధర రాయించండి, "కాంబో ఇంత" అనే మాట ఒప్పుకోకండి. కాంబోలో ఎస్‌ఎంపీఎస్ ఏ రకమో చెప్పరు. జీఎస్టీ 18 శాతం కలిపిన ధరే అడగండి. బిల్లు వద్దు, తగ్గిస్తానంటే తగ్గించేది మీ వారంటీని. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి.

పాత బోర్డుకు, పాత ర్యామ్‌కు ఎక్స్‌ఛేంజ్‌లో ఎంతో కొంత ఇస్తామంటే ఇచ్చెయ్యండి. హార్డ్‌డిస్క్ అడిగితే మాత్రం ఇవ్వకండి. ఫైళ్లు డిలీట్ చేసినా మళ్లీ తీయగలరు. పదకొండేళ్లుగా మీ దగ్గర శుభలేఖ వేయించుకున్న ప్రతి ఇంటి అడ్రసూ, ఫోన్ నంబరూ అందులో ఉన్నాయి.